వైద్యుని యెదుట రోగి

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పినాడు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఇందు నేది కుంటుపడినను చికిత్స నిలువదు. మొదటి మూడింటిని గూర్చి మనము నిత్యము ముచ్చటించుకొనుచునే యుందుము. ఫలానా వైద్యుని హస్తవాసి మంచిదనియు, ఫలానా మందు గుణమిచ్చినదనియు రచ్చబండమీద వాదములు సాగును. రోగికి గూడ గుణములుండవలెనని మాత్రము తలచువారరుదు. చరకుడు రోగికి స్మృతి, చెప్పినట్లు చేయుట, భయపడకుండుట, జ్ఞాపకత్వము అని నాలుగు గుణములు విధించినాడు. ఈ కడపటి మాటకు గుర్తుంచుకొనుట యని యర్థము గాదు. తన రోగమును వైద్యునికి తెలియజెప్పగల శక్తి యని యర్థము. నేటి ప్రసంగమునకు విషయమిదియే.

మన పెద్దలలో ననేకులు వైద్యుని యెదుట గూర్చుండగనే మౌనవ్రతము పట్టుదురు. ఏమి బాధయని యడిగినచో, "ఒళ్ళు బాగులేదు బాబూ, మీరే చూడండి" అందురు. కొందరు, నాడి పట్టి యాయనయే చెప్పవలెనని వైద్యునికే పరీక్ష పెట్టుదురు. కొందరి పక్షమున కుమారుడే సమాధానములు చెప్పును. అసలు బాధ గుమ్మము దాటిన పిదప జ్ఞప్తికి వచ్చును. వైద్యుడు నారాయణస్వరూపుడందుము. నిజమే. కాని యా నారాయణునికే గజేంద్రుడు మొరపెట్టుకొనవలసివచ్చినది గదా! బయట పదిమంది వేచియుండగా మనకు లభించునవి కొలది నిమిషములు. ఆ నిమిషముల పని ముందునాటి రాత్రియే యింటిలో సగము ముగియవలెను.

అందులకు వలసినది యొక తెల్లకాగితము. బాధ యెన్నడు మొదలైనది, ఎచ్చట నున్నది, ఏ వేళ హెచ్చును, దేనిచే తగ్గును అని నాలుగు పంక్తులు వ్రాసికొనుడు. మిక్కిలి భయపెట్టుచున్న దానిని మొదట వ్రాయుడు. చివర చెప్పుదమనుకొన్నది చెప్పకయే మిగిలిపోవును. పాత మందుచీటీలను, పరీక్షల కాగితములను తేదీల వరుసను పేర్చుకొనుడు. రక్తపరీక్షకు పరగడుపున రావలెనేమో ముందే కనుగొనుడు. నిత్యము వేసికొను మాత్రలను మాత్రము వైద్యుడు చెప్పనిదే మానరాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది మందుల సంచి. మా పొరుగున నొక వృద్ధుడు మధుమేహమునకు మాత్రలు వాడుచుండెను. కాలినొప్పికై మరియొక వైద్యునికడకు పోయి, ఆ మాత్రల సంగతి చెప్పక యూరకుండెను. ఆయన రక్తము పరీక్షింపించి, చక్కెర హెచ్చుగా నున్నదని మధుమేహమునకు గూడ మందు వ్రాసెను. రెండు అట్టల పేర్లు వేరు, లోని మందొక్కటే. రెండును వేసికొనగా, మూడవనాటి యుదయమున నాతడు చెమటలు పట్టి, వణకి, మాట తడబడి కూలబడెను. స్పృహ తప్పకముందే యింటివారు చక్కెరనీరు త్రాగించుటచే బ్రదికెను. ఒకే మందును పలు కంపెనీలు పలు పేర్లతో నమ్మును. కావున వాడుచున్న వాని నన్నిటిని, అనగా మాత్రలు, కంటిచుక్కలు, లేహ్యములు, నాటుమందులు, దుకాణమున నడిగి కొన్న నొప్పిమాత్రలు, సంచిలో వేసికొనిపోయి చూపవలెను. నొప్పిమాత్రలను దినదినము మ్రింగినచో మూత్రపిండములకు, కడుపునకు హాని కలుగవచ్చును. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారికి వానివలన రక్తస్రావభయము గూడ గలదు. ఏ మందైన నొకప్పుడు పడకున్నచో, అదియు చెప్పుడు. చుట్ట, కల్లు మొదలగువాని సంగతి దాచరాదు. కుమారుని యెదుట చెప్పుటకు సంకోచమైనచో, "వైద్యునితో నొంటరిగా మాటాడవలెను" అని కోరుడు.

అట్లు కోరుట మర్యాదకు లోపము గాదు. అది రోగి హక్కు. జాతీయ మానవహక్కుల సంఘము 2018లో రోగుల హక్కులు 17 గుర్తించి యొక పత్రము సిద్ధపరచినది. ఆ పత్రము తనంతట శాసనము గాకున్నను, అందలి పెక్కింటికి న్యాయస్థానముల తీర్పులు, వైద్యవృత్తి నియమములు బలమిచ్చుచున్నవి. రోగస్థితిని, చికిత్సకగు ఖర్చును తెలిసికొనుట, రెండవ వైద్యుని యభిప్రాయము గొనుట, మందులు తనకు నచ్చిన దుకాణమున గొనుట యిందు చేరియున్నవి. పురుషవైద్యుడు స్త్రీని పరీక్షించునపుడు మరియొక స్త్రీ దగ్గర నుండవలెను. డబ్బు తగాదాచే రోగినిగాని, మృతదేహమునుగాని నిలిపివేయరాదు.

సమ్మతి సంగతి పెద్దలు ప్రత్యేకముగ గమనింపవలెను. ఒక స్త్రీ కడుపు లోపల పరీక్షకు మాత్రమే యొప్పుకొనగా, ఆమె మత్తులో నుండగనే తల్లిచే నొప్పించి గర్భాశయమును తొలగించిరి. రోగి స్వయముగ నిర్ణయింపగల వ్యక్తి యైనపుడు, ప్రాణాపాయము లేనిచోట తల్లి సమ్మతి చెల్లదని సుప్రీముకోర్టు 2008లో తీర్పు చెప్పినది. వృద్ధుని విషయమున కుమారుని సంతకమునకును ఇదే న్యాయము. కాగితము తెలియని భాషలో నున్నచో చదివించి, తెలుగున చెప్పించుకొని, పిదపనే సంతకము చేయుడు.

ప్రమాదములో చిక్కినవానికి ముందు ప్రాణరక్షణ, పోలీసు విచారణ తరువాత; సర్కారు వైద్యుడైనను, ప్రైవేటు వైద్యుడైనను ఇది విధియని 1989లో సుప్రీముకోర్టు శాసించినది. ఆస్పత్రిలో నుండి చికిత్స పొందిన రోగి తన కాగితములడిగినచో 72 గంటలలో నీయవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమము. డబ్బు తీసికొని చేసిన వైద్యములో లోపమున్నచో వినియోగదారుల న్యాయస్థానమున కెక్కవచ్చునని 1995 తీర్పు. కారణము పుట్టిన 2 సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. అందరికిని ఉచితముగ వైద్యము చేయు ఆస్పత్రులకు మాత్రమీ మార్గము వర్తింపదు.

హక్కు గలదని వైద్యునిపై కేకలు వేయుట తగదు. చేయి చేసికొనుట నేరము. నెమ్మదిగ నడుగుడు: నాకు వచ్చిన రోగమేమి? ఈ పరీక్ష యెందులకు? ఈ మాత్ర యెన్నాళ్ళు, భోజనమునకు ముందా, తరువాతా? ఏ లక్షణము కనబడినచో వెంటనే రావలెను? వినిన దానిని తిరిగి యప్పగించి, సరియేనా యని యడిగి, మరియు లేవవలెను. అడుగనిదే యమ్మయైనను పెట్టదని సామెత. దాచక చెప్పుట రోగి ధర్మము, జంకక యడుగుట రోగి హక్కు. మొదటిది నెరవేర్చినవానికి రెండవది సులభమగును.