విశ్వభారతి పండుగలు



 విశ్వవిద్యాలయముల చరిత్రము వ్రాయువారు సాధారణముగా శాసనములను, సౌధములను, పట్టభద్రుల సంఖ్యలను, ఉపాధ్యక్షుల నామావళిని వరుసగా పేర్చి, చరిత్రము ముగిసినదని కలము మూయుదురు. కాని అట్టి విద్యాలయమున చదివిన పెద్దమనుష్యుని నొకనిని ముప్పదియేండ్ల తరువాత పలుకరించి చూడుడు. తాను విన్న ఉపన్యాసములలో ఒక్కటియు వానికి జ్ఞప్తి యుండదు. ఉపన్యాసకుడనైన నాకిది మింగుడుపడని సత్యమే. వార్షికోత్సవపు నాటకములో దుర్యోధనుని మీసము ఊడిపడిన సంగతి మాత్రము నిన్న జరిగినట్లు చెప్పును. కావున ఒక చిన్న విశ్వవిద్యాలయపు చరిత్రమును దాని పండుగల వెంట నడచి చెప్పిన నెట్లుండునో చూతమని, శాంతినికేతనమును ఎన్నుకొంటిని.

కలకత్తాకు సుమారు నూరు మైళ్ల దూరమున, వీరభూమి జిల్లాలో, బోల్పూరు చెంత ఎఱ్ఱని కంకరనేలలో, 1863వ సంవత్సరమున మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు ఇరువది బిఘాల భూమిని రాయపురపు సింహవంశీయులయొద్ద శాశ్వతపు కౌలునకు తీసికొనిరి. అప్పటి కచ్చట నీడ యనదగినది రెండు సప్తపర్ణి వృక్షములు మాత్రమే. మనవారు ఏడాకులపాల యనునది అదియే. ధ్యానమునకై యొక గృహము కట్టించి దానికి శాంతినికేతనమని పేరిడి, 1888లో ఆ స్థలమును ధర్మకర్తలకు అప్పగించుచు మహర్షి ఒక పత్రము వ్రాయించెను. దస్తావేజులు సాధారణముగా నిద్రాకారకములు. ఇది అట్టిది కాదు. విగ్రహారాధనము కూడదు, మద్యమాంసములు కూడదు, ఏ మతమువారి దైవమును నిందింపరాదు అని నిషేధములనన్నిటిని పలికిన పిమ్మట, ఆ పత్రము ఏటేట నొక మేళా జరుపవలెనని విధించుచున్నది. ఆ మేళాకు సకల సంప్రదాయముల సాధువులును రావచ్చును, అసభ్యవినోదములు తగవు, మద్యమాంసములు తప్ప సమస్తవస్తువులను క్రయవిక్రయములు చేసికొనవచ్చును, ఆదాయమేదైన మిగిలినచో మేళాకో ఆశ్రమమునకో వినియోగింపవలెను. ఉపనిషత్తులను కంఠస్థము చేసిన మహర్షి, కుండలును చాపలును అమ్ముకొనువారిని సైతము తన ఆశ్రమధర్మములో చేర్చుకొని, వారికి వ్రాతమూలకమైన హక్కు కల్పించెనన్నమాట.

ఇక దినము. మన ధనుర్మాసమే ఇంచుమించుగా బంగాళీల పౌషమాసము. 1843లో పౌషము 7వ తేదీన దేవేంద్రనాథుడు బ్రాహ్మధర్మదీక్ష గొనెను. 1891లో అదేతేదీన గాజుగోడల ఉపాసనామందిరమును తెరచిరి. 1894లో అదేతేదీన మేళా ఆరంభమయ్యెను. 1901 డిసెంబరు 22న, మరల అదేతేదీన, మహర్షి కుమారుడగు కవి రవీంద్రనాథుడు ఐదుగురు బాలురతో బ్రహ్మచర్యాశ్రమమను పాఠశాలను స్థాపించెను. అనగా అచ్చట పండుగ వయస్సున పెద్దది, బడి చిన్నది. ఇతరస్థలములందు విద్యాలయమునకు ఉత్సవములు తరువాత అబ్బును. ఇచ్చట ఉత్సవము మొదట నేల చదును చేసికొని కూర్చుండగా, ఏడేండ్లకు బడి వచ్చి దాని ప్రక్కన చేరినది. ఈ వరుసను మనసునం దుంచుకొననిచో శాంతినికేతనములో తరువాత జరిగినదేదియు అర్థము కాదని నా నమ్మకము.

ఆ పాఠశాల దినచర్యమే కొంత ఉత్సవరూపమున నుండెను. వేకువను బాలురు పాడుచు ఆశ్రమమంతయు తిరిగి నిద్రితులను మేల్కొల్పుదురు. దీనికి వైతాళికమని పేరు. గంట మ్రోగగానే ఎవరి ఆసనము వారు చంక నిడుకొని పోయి, ఆనాటి గురువు ఏ చెట్టు క్రింద నున్న ఆ చెట్టు క్రింద కూర్చుందురు; వాన వచ్చిన చదువు ముగిసెను. తప్పుచేసిన బాలుని విచారించుటకు బాలురే ఎన్నుకొన్న విచారసభ యుండెను. వ్రాసిన పద్యమో కథయో చదివి పెద్దలయెదుట నిలిచి విమర్శకు చెవియొగ్గుటకు సాహిత్యసభ యుండెను. ఆదివారము పనిదినము, బుధవారము సెలవు. ఏలయన బుధవారము బ్రాహ్ముల ఉపాసనాదినము. నేటికిని విశ్వభారతిలో బుధవారమే సెలవు. ఈ బడి నడచుటకు మూల్యము చెల్లింపబడకపోలేదు. కవిపత్ని మృణాళినీదేవి ఆభరణములు పాఠశాల ఖర్చులకు పోయినవి. ఆమెయు మరుసటియేడు, 1902లో, గతించెను.

1907లో శ్రీపంచమినాడు, కవి కనిష్ఠపుత్రుడగు శమీంద్రుడు, పదియేండ్ల బాలుడు, తోడివారిని కూడగట్టి వసంతుడుగా, వర్షముగా, శరత్తుగా వేషములు ధరింపజేసి ఋతూత్సవము జరిపెను. ఆ సమయమున తండ్రి ఊర లేడు; పెద్దల ఆజ్ఞయు లేదు. నేడు దేశమంతట పేరుగన్న శాంతినికేతన వసంతోత్సవమునకు మూలము ఈ పిల్లల ఆటయే. ఆ యేటి నవంబరులో ముంగేరునందు విషూచివ్యాధివలన ఆ బాలుడు మరణించెను. మరుసటియేడు కవి ‘శారదోత్సవము’ అను నాటకము వ్రాసి ఆశ్రమబాలురచేత ఆడించెను. అందు స్త్రీపాత్రము లేదు, ఏలయన అప్పటికచ్చట ఆడించుటకు బాలురే కలరు. పుత్రశోకమునకును ఈ నాటకమునకును ముడిపెట్టి విమర్శకులు పెక్కుమాటలు చెప్పవచ్చును. నాకు మాత్రము దానికన్న నాటకశాల స్వరూపము ముఖ్యముగా తోచును: పాత్రధారులకును ప్రేక్షకులకును నడుమ తెర యెత్తుటకైన వేరుమనుష్యుడు లేని రంగమది. ఉత్సవము చేయువారును చూచువారును ఒక్కరే.

1914 చివర దక్షిణాఫ్రికానుండి గాంధిగారి ఫీనిక్సు ఆశ్రమబాలురు శాంతినికేతనమున ఆశ్రయము పొందిరి. తరువాతి ఫిబ్రవరిలో గాంధిగారే వచ్చి, వంటవారును ఊడ్చువారును చేయు పనిని విద్యార్థులును అధ్యాపకులును తామే ఏల చేయరాదని ప్రశ్నించిరి. కవి సమ్మతించెను. 1915 మార్చి 10న ఆ ప్రయోగ మారంభమయ్యెను. కత్తిపీట లెత్తుకొన్న ఆచార్యులు, పాకీపనికి దిగిన విద్యార్థులు. కొన్నాళ్లకే అది ఆగిపోయినది. ఆగిపోవుట సహజమే, వ్యాకరణము చెప్పవలసినవాడు ఉదయమెల్ల కూరలు తరుగుచున్న వ్యాకరణమెప్పుడు చెప్పును? అయినను శాంతినికేతనవాసులు ఓటమిని దాచిపెట్టక దానినే పండుగగా మార్చుకొనిరి. నేటికిని మార్చి 10 గాంధీపుణ్యాహము: ఆనాడు పనివారికి సెలవు, పాకీపని, వంట, వడ్డన సర్వమును చదువుకొనువారిది, చదువు చెప్పువారిది. నిత్యవిధిగా నిలువలేనిది ఏటి కొకనాటి వ్రతముగా నూరేండ్లు నిలిచినది. ఈ విశ్వవిద్యాలయపు పండుగలన్నిటిలో నాకు ప్రియమైనది ఇదియే. ఛాయాగ్రాహకులు తక్కువగా వచ్చు పండుగయు బహుశః ఇదియే.

1918 డిసెంబరులో శంకుస్థాపన, 1921 డిసెంబరు 23న బ్రజేంద్రనాథశీలుని అధ్యక్షతను లాంఛనముగా విశ్వభారతీస్థాపన జరిగెను. ఫ్రెంచి పండితుడు సిల్వే లెవీ ప్రభృతులు అప్పటికే చేరియుండిరి. 1922 ఫిబ్రవరిలో ప్రక్కనున్న సురూలుగ్రామమున ఎల్మ్‌హర్‌స్ట్ దొర నాయకత్వమున గ్రామపునర్నిర్మాణశాఖ వెలసినది, అదియే శ్రీనికేతనము. బ్రాహ్మణుడు, సంతాలు, పార్సీ, గుజరాతీ, ఆంగ్లేయుడు, కొన్నాళ్లకు చీనా పండితుడు, ఇందరు ఒక్కపంక్తిని కూర్చుండుచోట ఏ పండుగ చేయవలెను? విగ్రహము కూడదని దస్తావేజు చెప్పుచున్నది. ఒకరి దేవుని పండుగ మరొకరికి సెలవుమాత్రమే యగును. ఇచ్చటనే ఆ నిషేధము మేలుచేసినది. ఉన్న పండుగలు పనికిరావు కనుక క్రొత్తవి కల్పింపవలసివచ్చినది. ఋతువులకు మతము లేదు కనుక ఋతువుల నాశ్రయించిరి. వానలకు వర్షామంగళము, శరత్తునకు శారదోత్సవము, ఫాల్గునమునకు వసంతోత్సవము. మహాలయనాడు పూజకు బదులు ఆనందబజారు: విద్యార్థులు తాము వండినవి, కుట్టినవి, గీసినవి అంగళ్లుపెట్టి అరచి యరచి అమ్ముదురు, లాభము దీనులసహాయనిధికి చేరును. డిసెంబరు 25న అదే గాజుమందిరమున క్రీస్తును స్మరింతురు.

క్రొత్త పండుగను కల్పించుట మాటలతో అగుపని కాదు. దాని కొక కార్ఖానాయే అవసరము; అది వారికుండెను. క్షితిమోహనసేనుడు వేదములు వెదకి సందర్భమునకు తగిన మంత్రము లేర్చును. దినేంద్రనాథుడు పాటలు నేర్పును. నందలాలు వసువు అలంకారము చూచును. సుకుమారీదేవి బంగాళపు పల్లెల ఆల్పనను, మన ముగ్గునకు చెల్లెలిని, విశ్వభారతి చిత్రకళాశాఖయగు కళాభవనమునకు తెచ్చి నేలమీద తీర్చును. 1928 వర్షర్తువున ఈ నలుగురి నేర్పును ఒక్కచోట కలిసి వృక్షారోపణోత్సవమయ్యెను. ఒక మొక్కను ఛత్రముతో, అలంకరించిన పల్లకిపై పెండ్లికూతురివలె ఊరేగించి, పంచభూతముల వేషములు ధరించిన పిల్లలు ఒక్కొక్కరు దానిని ఆశీర్వదింపగా నాటిరి. అదే కాలమున శ్రీనికేతనమున హలకర్షణము: ముగ్గులు తీర్చిన నేలమీద, పూలు తురిమిన ఎడ్లు, నాగలి చేపట్టిన కవి. నందలాలు ఆ దృశ్యమును శ్రీనికేతనపు గోడపై చిత్రించెను. ఏరువాకపున్నమనాడు ఎడ్లకొమ్ములకు రంగులు పూయు మనవారి కిందు వింతయేమియు లేదు. వింత యేమన్న, ఒక విశ్వవిద్యాలయము ఏరువాక సాగించుట. 1941లో శ్రావణము 22న కవి అస్తమించిన పిమ్మట వృక్షారోపణమును ఆ దినమునకే మార్చిరి. గురువు నిర్యాణదినమున విగ్రహమునకు దండ వేయుటకు వారి దస్తావేజు అడ్డము వచ్చునుగదా, మొక్క నాటుచున్నారు.

మన ఆంధ్రదేశమునకును ఆ ఉత్సవభూమికిని సంబంధము లేకపోలేదు. పిఠాపురాస్థాన వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ అచ్చట మ్రోగినది. రాయప్రోలు సుబ్బారావుగారు కొంతకాలము అచ్చట నుండిరి. బెజవాడ గోపాలరెడ్డిగారు విశ్వభారతిలో చదివి రవీంద్రుని రచనలను తెనుగు చేసిరి. కొండపల్లి శేషగిరిరావుగారు నందలాలునొద్ద శిష్యరికము చేసిరి. 1919లో కవి మదనపల్లె దివ్యజ్ఞానకళాశాలలో విడిసి, జనగణమనకు ఆంగ్లానువాదము అచ్చటనే వ్రాసెను. 1933లో వాల్తేరునకు వచ్చి ఆంధ్రవిశ్వవిద్యాలయమున మానవునిగూర్చి ఉపన్యసించెను. వచ్చినవారును పోయినవారును ఇందరుండగా, మన విద్యాలయములు వారినుండి పాటలు తెచ్చుకొన్నవి, చిత్రలేఖనము తెచ్చుకొన్నవి, మార్చి 10ని మాత్రము తెచ్చుకొనలేదు.

1951లో పార్లమెంటు శాసనముచేత విశ్వభారతి కేంద్రవిశ్వవిద్యాలయమైనది. ప్రధానమంత్రి ఆచార్యుడు, కవిపుత్రుడు రథీంద్రనాథుడు ప్రథమ ఉపాచార్యుడు. స్నాతకులకు నేటికిని ఏడాకుల సప్తపర్ణిశాఖయే బహుమానము. ఇతర విషయములందు కాలము తన పని తాను చేసినది. రైలు దగ్గరయ్యెను, కారులు పెరిగెను, సెల్‌ఫోనులు వచ్చెను. పౌషమేళాకును వసంతోత్సవమునకును జనము లక్షలలో రాజొచ్చిరి. క్షామము వచ్చిన 1943లోను, మతకల్లోలముల 1946లోను ఆగిన మేళా, 2020లో మహమ్మారివలన మరల ఆగినది. ఆ యేడే మేళామైదానముచుట్టు గోడ కట్టబోగా ఊరివారు వచ్చి పడగొట్టిరి. 2023 సెప్టెంబరులో యునెస్కో శాంతినికేతనమును ప్రపంచవారసత్వస్థలముగా ప్రకటించినది. ఆ డిసెంబరులో మేళా తిరిగి తన మైదానమున వెలసినది. వసంతోత్సవమును మాత్రము కొన్ని సంవత్సరములుగా విశ్వభారతి బయటివారికి ప్రవేశము లేకుండ, తమలో తాము జరుపుకొనుచున్నది.

మేళామైదానమునకు గోడ, వసంతోత్సవమునకు మూసిన తలుపు, ఈ రెండు నిర్ణయములను కలిపి పొగడువారును కలిపి తెగడువారును కలరు. రెంటిని వేరుచేయవలెనని నా మనవి. మేళా పుట్టుకచేతనే బయటివారిది. ఏకతార మీటుచు వచ్చు బావులుది, మట్టిబొమ్మల కుమ్మరిది, సంతాలు స్త్రీలది. బడి లేనినాడే వారు వచ్చిరి, వారి హక్కు 1888నాటి పత్రమున వ్రాసియున్నది. కావున ఆ మైదానమునకు గోడ కట్టువాడు ఎంతటి సదుద్దేశము కలవాడైనను, పరిశుభ్రతను, కాలుష్యమును ఎంతగా సాకు చెప్పినను, మహర్షి మాటను మీరినవాడే. చెత్త యెత్తించుటకు మార్గములు వేరుగ వెదకవలెను. వసంతోత్సవ మట్టిది కాదు. అది ఒక పసివాడు తన తోడివారితో ఆడుకొన్న ఆట; చూడవచ్చినవారికొరకు పుట్టినది కాదు. పసుపుచీరలును పూలును చూడవచ్చినవారు ఆడువారికన్న నూరురెట్లు పెరిగి, ఆడువారు ఆటమాని కావలికాయవలసివచ్చిన పక్షమున, తలుపు మూయుట అహంకారము కాదు. డోలపూర్ణిమ విడిచి ముందో వెనుకో వేరొక దినమున, గుట్టుగా, ఛాత్రులును గురువులును మాత్రమే పాడుకొనుచున్నారని పత్రికలు నొచ్చుకొనుచున్నవి. 1907లో పత్రికలవారిని ఎవరును పిలువలేదు.