నగరములకు ట్రాము లాభమా?

చెన్నపట్టణమున 1895లో విద్యుచ్ఛక్తితో నడువనారంభించిన ట్రాములు, ఆంధ్రరాష్ట్ర మవతరించిన 1953వ సంవత్సరముననే, కంపెనీ నష్టములపాలగుటచేత నిలిచిపోయినవి. ఇంతమాత్రమున ట్రాము కాలముచెల్లిన వాహనమని తీర్పు చెప్పుట తొందరపాటగును.

ఏలయన, ఫ్రాన్సు దేశమందలి స్ట్రాస్‌బర్గు నగరము 1960లో ట్రాముల నెత్తివేసి, పిమ్మట మోటారుకార్ల రద్దీతో వేసారి, 1994లో పట్టాలను మరల పరచుకొనెను. పట్టాలు పరచుటతో తృప్తిపడక, నగరమధ్యమందలి క్లెబెర్ చౌకునుండి కార్ల రాకపోకలను తొలగించి, ఆ స్థలమును పాదచారుల కప్పగించుటయే ఆ విజయమునకు మూలమని నా దృఢవిశ్వాసము. ఇనుప పట్టాపై ఇనుప చక్రము దొరలునపుడు ఘర్షణ స్వల్పము గనుక శక్తివ్యయము తగ్గును. ఒక్క ట్రాములో రెండు బస్సుల జనము పట్టుదురు. వీథిలో పొగ యుండదు.

అయితే పట్టాలకగు వ్యయము అపారము. అడ్డమువచ్చిన బండిని తప్పుకొనిపోవుట ట్రామునకు సాధ్యము కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున, ప్రపంచమందెల్ల పెద్దదగు ట్రాము వ్యవస్థ యుండియు, అది అధికభాగము కార్లతో దారి పంచుకొనుటచే వేగము మందగించినది.

కావున నిండైన జనసమ్మర్దము గల మార్గమును, ట్రామునకే విడిచిన ప్రత్యేకమైన దారిని చూపగల నగరమునకే ఇది లాభదాయకము; ఆ రెండును లేనిచోట అదే ధనముతో మంచి బస్సులను కొనుట యుక్తము.