డిటెక్టివ్ యుగంధర్

గుంటూరు నుండి మార్కాపురం, కంభం, గిద్దలూరుల మీదుగా నల్లమలను దాటి నంద్యాల చేరు రైలుమార్గమున, జేబులో ఇమిడెడు నవలను వెంటనుంచుకొను పాఠకునికి, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను మించిన సహప్రయాణికుడు లభింపడని నా దృఢవిశ్వాసము.

1926లో జన్మించి 1994లో కీర్తిశేషులైన కొమ్మూరివారు ‘చావుకేక’, ‘లక్షాధికారి హత్య’, ‘చీకటికి వేయికళ్ళు’ మున్నగు నవలలను రచించి, యుగంధర్‌ను, ఆయన సహాయకుడు రాజును, పోలీసు ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావును పదేపదే మన యెదుట నిలిపి, తెలుగు పాఠకలోకమునకు ఆత్మబంధువులనుగా జేసిరి.

1930లో వెలువడిన ‘మాల్టీస్ ఫాల్కన్’ నవలలో అమెరికన్ రచయిత డాషియల్ హామెట్ సృష్టించిన డిటెక్టివ్ శామ్ స్పేడ్, పోలీసులనైనను నమ్మని కఠినచిత్తుడు. మన యుగంధరో, మద్రాసు వీథులలో నేరస్థుల జాడ దీయుచున్నను, పోలీసులతో చెలిమి విడువని మర్యాదస్థుడు. ఆ చెలిమియే ఈ నవలలకు జీవమని తలంతును. వర్ణనలు మితము, సంభాషణలు హ్రస్వము. అనుమానము ఒకరిమీద నిలిచినదనుకొనునంతలో మరియొకరి మీదికి మరలును.

ఒకప్పుడు రోజుకింతయని అద్దె పుచ్చుకొనిన పుస్తకాల దుకాణములలో చేతులు మారి మారి, అట్టలు చినిగి, తుదిపుట ఊడిన ప్రతి దొరకినపుడు హంతకుడెవడో తెలియక పాఠకుడు పడిన వేదన యింతింత కాదు. అట్టి ప్రతులు మీ యిండ్ల అటకలమీద నున్నచో, చిత్తుకాగితములకు వేయక, సమీపమందలి గ్రంథాలయమునకు ఒసగవలసినదిగా మనవి.