పత్తర్‌గట్టి కమానుల కింద
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చార్మినార్ గురించి మాట్లాడమంటే ఎవరైనా మాట్లాడతారు. నేను దానికి ఉత్తరాన, మచిలీ కమాను దాటాక మదీనా చౌరస్తా వైపు సాగే పత్తర్‌గట్టి గురించి చెబుతాను. మనలో చాలా ఇళ్లలో పెళ్లి బట్టలు కొన్నది అక్కడే కదా!

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయని అందరం చెప్పుకుంటాం. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను సరిచేసి, రోడ్లు వెడల్పు చేసిన సంగతి మాత్రం అంతగా చెప్పుకోం. పత్తర్‌గట్టి ఆ బోర్డు చేసిన పనే.

ఆ బజారు గొప్పతనం ఏ ఒక్క భవనంలోనూ లేదు. చెక్కిన నల్లరాయి, వరుసగా కమానులు, వాటి వెనక నీడలో నడవడానికి వసారా, లోపల దుకాణం, పైన అంతస్తు. ఎవరి దుకాణం వారిదే, ముఖం మాత్రం అందరిదీ ఒకటే. మే నెల ఎండలోనూ గొడుగు లేకుండా బేరం చేయొచ్చు. ఇప్పటి మాల్స్ కరెంటు పెట్టి చేసే పనిని అక్కడ రాయీ నీడా చేశాయి.

ఇప్పుడు ఆ కమానులను బోర్డులు మూసేస్తున్నాయి. రాళ్ల సందుల్లో రావి మొక్కలు లేస్తున్నాయి. అంతకన్నా నన్ను భయపెట్టేది మంచి మనసుతో చేసే మరమ్మతు. పాత సున్నపు గచ్చు తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి గోడను తింటుంది. రాతికి రంగు వేసినా అంతే. ఖర్చు పెట్టి మరీ పాడుచేసుకోవడం!

దుకాణదారులను తప్పుపట్టి లాభం లేదు. అద్దెలు, వాటాల తగాదాలు, కురిసే పైకప్పులు వారికి తెలిసినట్టు మనకు తెలియవు. సున్నపు పని తెలిసిన మేస్త్రీ దొరక్కే చాలామంది సిమెంటుకు పోతున్నారు.

మన సంఘంలో ఇంజనీర్లున్నారు, వకీళ్లున్నారు, ఆ వీధిలోనే వ్యాపారం చేస్తున్న వారూ ఉన్నారు. ఈ ఏడు ఒక్క కమానుకు సున్నంతో మరమ్మతు చేయించి, ఎంతయిందో లెక్క అందరికీ చూపిద్దాం. ముందుకొచ్చే దుకాణదారు ఉంటే భోజనాల దగ్గర నన్ను కలవండి.