గుండెజబ్బు గలవారికి ఫ్లూ టీకా: వైద్యులు చెప్పవలసిన మాట

(ఉచిత వైద్య శిబిరంలో ఒక హృద్రోగ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల నుండి, కొల్లేటి లంక గ్రామాల నుండి విచ్చేసిన మీలో గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు, బైపాసు జరిగినవారు అనేకులున్నారు. మీ ఎదుట మొదట మా వైద్యుల లోపమే చెప్పుకొంటాను.

కొన్నేళ్ల క్రితం ఒక లంక గ్రామం పెద్దాయనకు స్టెంటు వేసిన పిమ్మట మాత్రలు, పథ్యం, నడక అన్నీ వివరించి పంపాను. వానాకాలంలో ఆయనకు ఫ్లూ జ్వరం వచ్చింది. నాలుగో నాటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చారు. దైవకృపతో కోలుకొన్నాక, "ఈ జ్వరానికి ముందుగా వేయించుకొనే టీకా ఉందట కదండీ! మాకు చెప్పలేదేమండీ డాక్టరుగారూ?" అని అడిగారు. నా వద్ద సమాధానం లేకపోయింది.

ఫ్లూ వట్టి జలుబు కాదు. ఒంట్లో వాపును పెంచి, రక్తం గడ్డకట్టే గుణాన్ని హెచ్చిస్తుంది. గుండెపై భారం మోపుతుంది. ఫ్లూ నిర్ధారణ అయిన తొలి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు సుమారు 6 రెట్లుంటుందని కెనడాలోని ఒంటారియో పరిశోధకులు 2018లో వెల్లడించారు. స్వీడన్ వైద్యుల ఆధ్వర్యంలో, బంగ్లాదేశ్ సహా 8 దేశాల్లో 2,500 మందికి పైగా హృద్రోగులపై జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. వారిలో అత్యధికులు గుండెపోటుకు గురైనవారే. ఏడాదిలో మరణించినవారు టీకా పొందని వర్గంలో నూటికి సుమారు 5గురు. ఆసుపత్రిలోనే టీకా పొందిన వర్గంలో సుమారు 3గురు.

మరి మేమెందుకు చెప్పము? గుండె వైద్యుడు "అది జ్వరాల వైద్యుని పని" అనుకొంటాడు. ఆయన "గుండె వైద్యుడే చెప్పి ఉంటాడు" అనుకొంటాడు. పెద్దలకు ఈ టీకా ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు; కొనుక్కోమనడానికి కొందరికి మొగమాటం. టీకా తరువాత ఏ నలత కలిగినా నింద తమపై పడుతుందని మరికొందరికి జంకు. తాము వేయించుకోని వైద్య సిబ్బంది ఇతరులకు గట్టిగా చెప్పలేరు. 2021 జనవరి 16న కోవిడ్ టీకాలు మన దేశంలో ఆరోగ్య సిబ్బందితోనే మొదలయ్యాయి. ముందు తాను ఆచరించి పిమ్మట చెప్పిన మాటకే విలువ.

ఈ టీకా ఫ్లూను పూర్తిగా ఆపుతుందని చెప్పను. తీవ్రతను, ప్రాణాపాయాన్ని తగ్గిస్తుంది. చేయి నొప్పి, స్వల్ప జ్వరం ఒకటి రెండు రోజులుండవచ్చు. మునుపు టీకాతో తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారు, ఇప్పుడు జ్వరంతో ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందే ఆ సంగతి వైద్యునికి తెలపాలి. రక్షణ ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఏటా వేయించుకోవాలి. మన దేశంలో ఫ్లూ వానాకాలంలోను, మరల జనవరి నుండి మార్చి వరకును హెచ్చుతుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి ఫాల్గుణ జాతరకు జనం కిక్కిరిసే రోజులూ ఇంచుమించు అవే.

కనుక ఈసారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు మందుల చీటీ చేతికిచ్చేలోగా, "నాకు ఫ్లూ టీకా అవసరమా?" అని మీరే అడగండి. దాతలారా! అన్నదానంతో పాటు పేద హృద్రోగికి ఒక టీకా ఖర్చును భరించడమూ ప్రాణదానమే. చెప్పవలసిన మాట చెప్పకపోవడం మా తప్పు. దానిని దిద్దుకొనే అవకాశం మీరే మాకివ్వాలి.

అమ్మవారి అనుగ్రహం అందరికీ కలుగుగాక! స్వస్తి.