చెక్ పెడితే సరిపోతుందా? సౌండ్ డ్రైవర్లు నేర్పిన పాఠం

డ్యూటీ నుంచి వస్తూ కారులో వింటున్నవాళ్ళకి, వంట చేసుకుంటూ వింటున్నవాళ్ళకి, వినే తీరిక లేక ఇక్కడ చదువుకుంటున్నవాళ్ళకి స్వాగతం. ఈ ఎపిసోడ్ కాస్త టెక్నికల్. అయినా కోడింగ్ రానివాళ్ళు కూడా ఉండండి. ఇది చివరికి పని గురించి, నమ్మకం గురించి.

మనం రాత్రి ఇంటికి వాట్సాప్ కాల్ చేస్తాం కదా. అమ్మ గొంతు మన స్పీకర్లోంచి బయటికి రావాలంటే సౌండ్ చిప్‌తో మాట్లాడే ఒక ప్రోగ్రామ్ ఉండాలి. దాన్నే డ్రైవర్ అంటాం. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున నడిచేది లినక్స్ కెర్నల్. అందులో సౌండ్ డ్రైవర్లన్నీ ఉండే భాగాన్ని ఆల్సా అంటారు.

డ్రైవర్ మొదలయ్యేటప్పుడు ఏం చేస్తుందో మన భాషలో చెప్తాను. కొత్త ఊళ్ళో అపార్ట్‌మెంట్ తీసుకున్నామనుకోండి. లీజు మీద సంతకం పెడతాం, కరెంటు మన పేరు మీదకి మార్పించుకుంటాం, ఇంటర్నెట్ పెట్టించుకుంటాం. డ్రైవర్ కూడా అంతే. మెమరీ తీసుకుంటుంది, పోర్టు రిజర్వు చేసుకుంటుంది, కొన్ని ఫైళ్ళు తయారుచేస్తుంది. వీటిలో ఏదో ఒకటి కుదరకపోతే ఏం చెయ్యాలి? ఎర్రర్ హ్యాండ్లింగ్ అంటే ఆ ప్రశ్నకి జవాబు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 2021 ఏప్రిల్. మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు కొందరు, లోపాలున్న ప్యాచ్‌లు పంపిస్తే కెర్నల్ రివ్యూలో పట్టుకుంటారా లేదా అని అంతకుముందే ఒక ప్రయోగం చేసి, దాని మీద పేపర్ రాశారు. రివ్యూ చేసేవాళ్ళకి ముందుగా చెప్పలేదు. ఆ తర్వాత ఆ గ్రూపు నుంచి మళ్ళీ అనుమానం కలిగించే ప్యాచ్‌లు వచ్చేసరికి, కెర్నల్ పెద్దల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్‌కి ఓపిక నశించింది. ఆ యూనివర్సిటీ ఈమెయిల్ అడ్రసుల నుంచి ఏదొచ్చినా తీసుకోం అన్నారు. అంతకుముందు వచ్చినవాటిని కూడా వెనక్కి తీసేసి, మళ్ళీ ఒక్కొక్కటీ చూడాలన్నారు.

అలా తిరగదోడిన ప్యాచ్‌లు 435. వాటిలో చాలావరకు సరిగానే ఉన్నాయని తేలింది. కానీ 39 ప్యాచ్‌లని సరిచెయ్యాల్సి వచ్చింది. ఆ జల్లెడలో సౌండ్ డ్రైవర్ల ప్యాచ్‌లు కూడా పడ్డాయి. ఇవి ఆ ప్రయోగం కోసం పంపినవి కావు. అంతకు రెండేళ్ళ ముందు, ఎర్రర్ చెక్ లేని చోట చెక్ పెడదామని పంపినవి. అందుకే నాకు ఇవే ఆసక్తిగా అనిపించాయి. చెడగొట్టాలని రాసినవి కావు, బాగుచెయ్యాలని రాసినవి. మూడు చూద్దాం.

మొదటిది పాత సౌండ్ బ్లాస్టర్ కార్డుల డ్రైవర్. పేరు ఎస్‌బీ8. ఈ డ్రైవర్ హెక్స్ 388 అనే పోర్టుని రిజర్వు చేసుకుంటుంది, ఇంకో పరికరం వచ్చి అక్కడ కూర్చోకుండా. ఆ రిజర్వేషన్ దొరకకపోతే డ్రైవర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలని ప్యాచ్‌లో రాశారు. లేకపోతే ఖాళీ పాయింటర్‌ని వాడి సిస్టమ్ పడిపోతుందని కారణం చెప్పారు. తీరా చూస్తే ఆ పాయింటర్‌ని డ్రైవర్‌లో ఎక్కడా వాడనే లేదు! రిజర్వేషన్ దొరికితే మంచిది, దొరక్కపోయినా పని నడుస్తుంది. అంటే ఈ చెక్ వల్ల లేని ప్రమాదం తప్పలేదు సరికదా, పనిచేసే కార్డు పనిచెయ్యకుండా పోయే దారి తెరుచుకుంది. ఇంటర్నెట్ కనెక్షన్ రాలేదని లీజే రద్దు చేసుకుంటామా? ఆ చెక్ తీసేశారు. ఈ పాయింటర్‌ని ఎవరూ వాడరు కాబట్టి చెక్ అక్కర్లేదు అని, తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఒక కామెంట్ రాసిపెట్టారు.

రెండోది గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డుల డ్రైవర్. ఒక కంట్రోల్‌ని జతచేసే చోట, అది కుదిరిందో లేదో చూడటం లేదు. ప్యాచ్‌లో చెక్ పెట్టారు. కుదరకపోతే ఏం చేస్తుంది? ఒక మెసేజ్ రాస్తుంది. అంతే. వంటింట్లో గ్యాస్ వాసన వస్తోందని డైరీలో రాసుకుని పడుకున్నట్టు! ఏదో చేశామన్న భ్రమ తప్ప ఇందులో ఏమీ లేదని దీన్ని కూడా వెనక్కి తీశారు.

మూడోది నాకు బాగా నచ్చింది. టెక్సస్ ఆస్టిన్‌లో ఉండే సిరస్ లాజిక్ కంపెనీ చిప్ సీఎస్43130. హెడ్‌ఫోన్ పెడితే దాని లోడ్ ఎంతో కొలుస్తుంది. ఆ కొలతలు చూపించడానికి డ్రైవర్ ముందు కొన్ని ఫైళ్ళు తయారుచేస్తుంది, తర్వాత కొలిచే పని కోసం ఒక వర్క్‌క్యూ పెట్టుకుంటుంది. వర్క్‌క్యూ దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి వెళ్ళిపొమ్మని ప్యాచ్. చెక్ న్యాయమైనదే. కానీ అప్పటికే చేసిన ఫైళ్ళ సంగతి? డ్రైవర్ వెళ్ళిపోయింది, ఫైళ్ళు మిగిలిపోయాయి. తర్వాత ఎవరైనా వాటిని తెరిస్తే, వదిలేసిన మెమరీని ముట్టుకునే ప్రమాదం ఉంది. కరెంటు కనెక్షన్ రద్దు చెయ్యకుండా ఇల్లు ఖాళీ చేస్తే, ఏ ఊరెళ్ళినా బిల్లు మన వెనకే వస్తుంది కదా.

దీన్ని క్రోవా-హార్ట్‌మన్ స్వయంగా సరిచేశారు. ఆ ఫైళ్ళన్నిటినీ ఒక గుంపుగా కట్టి కెర్నల్‌కే అప్పగించారు. డ్రైవర్ నిలబడితే అన్నీ ఒకేసారి వస్తాయి, పడిపోతే అన్నీ ఒకేసారి పోతాయి. వర్క్‌క్యూ చెక్ మళ్ళీ పెట్టారు, ఈసారి వెనక్కి సర్దే దారితో సహా.

మూడిటినీ పక్కపక్కన పెడితే ఒక్క సంగతి కనిపిస్తుంది. చెక్ పెట్టడం వేరు, ఎర్రర్‌ని సంభాళించడం వేరు. చెక్ పెట్టాలంటే ఆ ఒక్క లైన్ చూస్తే చాలు. సంభాళించాలంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది లేకపోయినా పని నడుస్తుందా? నడవకపోతే, ఇప్పటిదాకా తీసుకున్నవన్నీ తీసుకున్న వరసకి ఎదురు వరసలో తిరిగి ఇచ్చేశామా?

రెండో ప్రశ్న భారాన్ని ఇప్పుడు కెర్నల్ చాలావరకు తనే మోస్తోంది. డ్రైవర్ పోగానే మెమరీ దానంతట అదే విడుదలయ్యే పద్ధతి చాలాకాలంగా ఉంది. 2023లో 6.5 వెర్షన్‌తో గార్డ్ అనే పద్ధతి వచ్చింది. ఫంక్షన్ నుంచి ఏ దారిలో బయటికి వచ్చినా తాళం దానంతట అదే వదిలేస్తుంది. 2024లో ఆల్సా మెయింటెయినర్ తకాషి ఇవాయ్ సౌండ్ కోడ్‌లో చాలాచోట్ల పాత తాళాలు తీసేసి దీన్ని పెట్టారు. మరచిపోవడానికి అవకాశమే తగ్గిపోయింది.

కానీ మొదటి ప్రశ్నకి ఏ గార్డూ జవాబు చెప్పదు. 388 పోర్టు లేకపోయినా కార్డు పాడుతుందా లేదా అన్నది, ఆ డ్రైవర్ మొత్తం చదివినవాళ్ళకే తెలుస్తుంది.

ఇదంతా మనకెందుకు అంటే, మనలో ఎంతోమంది రోజూ చేసేది ఇదే. టికెట్ వస్తుంది, ఫలానా చోట చెక్ లేదని టూల్ చెప్తుంది. ఇప్పుడు ఏఐ అయితే చెక్ కూడా అదే రాసిచ్చేస్తుంది. శుక్రవారం సాయంత్రంలోపు క్లోజ్ చెయ్యాలి. క్లయింట్ చూస్తున్నాడు, వీసా సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది. చెక్ పెట్టి మార్క్ చేసేస్తే ఎవరూ ఏమీ అనరు. కానీ కెర్నల్‌లో ప్రతి ప్యాచ్ కింద సైన్డ్-ఆఫ్-బై అని పేరు ఉంటుంది. మన ఆఫీసు కమిట్‌లోనూ మన పేరే ఉంటుంది.

మిన్నెసోటా సంగతిలో ఇంకోటి గమనించండి. ప్రయోగం చేసింది కొందరే. అనుమానం మాత్రం ఆ ఈమెయిల్ అడ్రసున్న అందరి మీదా పడింది. సరైన ప్యాచ్‌లు పంపినవాళ్ళ పని కూడా మళ్ళీ పరీక్షకి నిలబడింది. పరాయి దేశంలో, ఒకరి పనిని బట్టి అందర్నీ లెక్కగట్టే చోట బతుకుతున్న మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి ఈసారి టూల్ చెక్ పెట్టమంటే, పెట్టే ముందు ఆ ఫంక్షన్ పైనుంచి కిందిదాకా ఒక్కసారి చదవండి. చెక్ అక్కర్లేదనిపిస్తే ఎందుకు అక్కర్లేదో కామెంట్‌లో రాయండి. ఆ ఒక్క వాక్యం కూడా పనే. ఎస్‌బీ8 డ్రైవర్‌లో చివరికి మిగిలింది అలాంటి వాక్యమే.

మీ పనిలో ఇలాంటివి తగిలితే, కంపెనీ పేరు చెప్పకుండా మాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం. ఉంటానండి, జాగ్రత్తగా ఉండండి.