ఇంటి కర్మశాలకు పాత తరిమెన

(మన సంఘ వార్షిక మహాసభ రెండవ దినమున చేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను సంస్కృత వాఙ్మయమున విశ్వకర్మను గూర్చి మాటలాడుమని కోరిరి. నేను వారిని బ్రతిమాలి విషయమును మార్చుకొంటిని. 34 సంవత్సరములు పాఠశాలలో శబ్దములను, సమాసములను చెప్పినవాడు ఇనుప యంత్రమును కొనుటను గూర్చి చెప్ప నిలుచుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని ఆ యంత్రమే నాకు అరువదియేండ్లు దాటిన పిమ్మట ఒక పాఠమును చెప్పినది. దానికి నేను చెల్లించిన గురుదక్షిణ 1,10,000 రూపాయలు. ఆ దక్షిణను మీలో మరియొకరు మరల చెల్లింపకుండవలెనని నా కోరిక.

మన పెద్దలు తరిమెన యనియు, నేటి పనివారు లేతు అనియు పిలుచు యంత్రమును మీరెల్లరు నెరుగుదురు. వస్తువు తిరుగుచుండగా ఉలి దానిని చెక్కుట దీని లక్షణము. ఏటికొప్పాక లక్కబొమ్మలు దీనిమీదనే పుట్టుచున్నవి. సంస్కృతమున దీనికి భ్రమము, భ్రమి, కుందము అను పేర్లు గలవు. సూర్యుని తేజస్సును తన కూతురు సంజ్ఞ సహింపలేకపోగా, విశ్వకర్మ అల్లుని భ్రమిపై నెక్కించి ఆ తేజస్సులో ఎనిమిదవ వంతును మాత్రము చెక్కివేసెననియు, రాలిన ఆ భాగముతోనే విష్ణుచక్రమును, శివుని త్రిశూలమును, కుమారస్వామి శక్తిని చేసెననియు విష్ణుపురాణము చెప్పుచున్నది. ఎంత చెక్కవలెనో, ఎచ్చట నిలుపవలెనో ఎరిగినవాడే శిల్పి యని ఈ కథను నేను పిల్లలకు అనేక పర్యాయములు చెప్పితిని. భ్రమ శబ్దమునకు తరిమెన యనియే గాక పొరపాటు అనియు నర్థము కలదని కూడ చెప్పితిని. అయినను, భ్రమమును కొనబోయి భ్రమనే కొనితెచ్చుకొంటిని.

మా తండ్రిగారు కంచుపని చేయువారు. ఇద్దరు కుమారులలో నన్ను సంస్కృత పాఠశాలకు పంపి, మా తమ్ముని తన యొద్ద నుంచుకొనిరి. తమ్ముడు తరువాత పట్టణమునకు పోయి, ఒక కర్మశాలలో లేతుపై ముప్పదియేండ్లు పనిచేసెను. మా తండ్రిగారు గతించిన పిదప ఇంటిస్థలపు పంపకములో మా యిద్దరికి మాట పట్టింపు వచ్చినది. నాలుగేండ్లు ఒకరి గడప నొకరు త్రొక్కలేదు.

నా చిన్న కుమారుడు టర్నరు విద్య చదివి, కొంతకాలము పరిశ్రమలలో కూలికి పనిచేసి, ఇంటియొద్దనే సొంతముగా కర్మశాల పెట్టుకొనవలెనని మూడేండ్ల క్రిందట వచ్చెను. మా ప్రాంతమున రైతుల నీటి మోటార్లకు బుషులు, షాఫ్టుల తొడుగులు చేయువారు దగ్గరలో లేరు. ఆలోచన మంచిదే. క్రొత్త యంత్రము మా శక్తికి మించినది. నా విశ్రాంతి సొమ్ములో కొంత, కోడలి గాజులు కుదువపెట్టిన సొమ్ము కొంత చేర్చితిమి. "బాబాయిని వెంట తీసికొనిపోదము, నాన్నగారూ" అని నా కుమారుడు రెండు మారులు నన్నడిగెను. "చదువుకొన్నవాడవు, నీకు తెలియదా?" అంటిని. ఆ మాట వానిని నమ్మి అనినది కాదు; తమ్ముని గడప త్రొక్కుట ఇష్టములేక అనినది.

పాత యంత్రములను అమ్ము వర్తకు నొకని యొద్దకు పోతిమి. 6 అడుగుల లేతు, నిగనిగలాడు ఆకుపచ్చ రంగు. మీట నొక్కగానే గిరగిర తిరిగెను. ఇంకేమి కావలెను? బేరమాడి, లారీ కూలితో 1,10,000 రూపాయల కింటికి చేర్చితిమి. పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టితిమి.

మొదటి రైతునకు చేసిన తొడుగు ఒక కొస బిగుతు, ఒక కొస వదులు. జానెడు పొడవులో ఒక మిల్లీమీటరులో 15 వందవ వంతుల తేడా వచ్చినది. రెండవదియు నట్లే. నా కుమారుడు తన చేతినే అనుమానించుకొని రాత్రులు నిద్రపోవుట మానెను. మూడు నెలలలో పని తెచ్చువారే లేకపోయిరి. అప్పుడు, ఎవరును పిలువకయే, మా తమ్ముడు వచ్చెను. నన్ను పలుకరింపలేదు. తిన్నగా యంత్రము నొద్దకు పోయి, బెడ్డు అంచున బొటనవ్రేలి గోటిని నడిపించెను. పిమ్మట హెడ్‌స్టాకు క్రింద రంగును చిన్న ఉలితో గీకెను. పోత పగిలి, ఇత్తడితో అతికిన చార యొకటి బయటపడెను. అతడు లేచి, నా కుమారుని భుజముపై చేయి వేసి, "నీ చేయి మంచిదేరా. యంత్రము మంచిది కాదు" అనెను. ఆ మాటతో వాని కన్నులు చెమర్చినవి. నావియు నట్లే.

ఒక మాట వివరింపవలసియున్నది. పూర్వపు తరిమెనలో ఒకడు త్రాడు లాగుచుండగా వేరొకడు ఉలిని చేతపట్టి చెక్కుచుండెను. నేర్పంతయు వాని మణికట్టులో నుండెను. 1800 ప్రాంతమున ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే అను శిల్పి ఉలిని చేతినుండి తీసి, ఇనుప పట్టెలపై జరుగు పీటలో బిగించి, లీడ్‌స్క్రూతోను పండ్లచక్రములతోను నడుపు లేతును రూపొందించెను. నాటినుండి పనివాని నేర్పులో సగము బెడ్డు యొక్క తిన్నదనములో చేరినది. బెడ్డు అరిగినచో, ఎంత నేర్పరి చేసిన వస్తువైనను వంకరయే. క్రొత్త రంగు ఆ వంకరను దాచును గాని తీర్పజాలదు. అరిగిన బెడ్డును మరల గ్రైండింగు చేయించుట సాధ్యమే; కాని మాకు చెప్పిన వెల యంత్రపు వెలకు మించినది. చివరకు దానిని తూకమునకు అమ్మితిమి.

పిమ్మట తమ్ముడు మమ్ము వెంటబెట్టుకొని నాలుగు నెలలలో ఐదు యంత్రములను చూపెను. అతడు చేసిన పరీక్షలను నేను విద్యార్థివలె వ్రాసికొంటిని. వానిని మీకు విన్నవించెదను.

మొదటిది బెడ్డు. పని యంతయు చక్కు దగ్గరనే జరుగును గాన, అరుగుదలయు నచ్చటనే హెచ్చు. క్యారేజి రాచుకొనని అంచు మొదటి ఎత్తుననే నిలుచును. అరిగిన చోట గోటికి మెట్టు తగులును. మరియు క్యారేజిని చక్కు దగ్గర సరిపోవునట్లు బిగించి, టెయిల్‌స్టాకు వైపునకు నడిపింపుడు. అచ్చట పట్టివేసినచో బెడ్డు అరిగినదని యెరుగుడు.

రెండవది స్పిండిలు. దాని మొగమున డయలు గేజి నిలిపి, చక్కు క్రింద కర్రపెట్టి పైకెత్తుడు. ముల్లు ఎక్కువగా కదలినచో బేరింగు వదులైనది. అది బిగింపుతో తీరునో, మార్పుతో గాని తీరదో విచారింపవలయును. పిమ్మట ఇరువది నిమిషములు త్రిప్పి, యంత్రము నాపి, బేరింగు గూటిపై చేయి పెట్టుడు. గోరువెచ్చన యుండవచ్చును, చేయి నిలువనంత వేడి కూడదు.

మూడవది పండ్లచక్రములు. ప్రతి వేగమునను నడిపింపుడు. ఒక పన్ను విరిగినచో చుట్టునకొక మారు టక్కుమని చప్పుడగును. "అన్నయ్యా, పద్యములో గణభంగము నీ చెవికి తగులునట్లే ఇదియు తగులును" అని తమ్ముడు నాతో ననెను. నాలుగేండ్ల తరువాత అతడు నాతో పలికిన మొదటి మాట అది. మరలు కోయుటకు మార్చు చక్రములన్నియు ఉన్నవో లేవో లెక్కింపుడు. పోయిన చక్రమును వెదకుట కష్టము.

నాలుగవది లీడ్‌స్క్రూ. ఇదియు చక్కు దగ్గరనే అరుగును. అచ్చటి మర పలుచబడి, కొసమర మందముగా నున్నచో, ఆ యంత్రముతో కోసిన పొడుగు మరలను నమ్మరాదు.

ఐదవది పోత. అతుకులు, బీటలు క్రొత్త రంగు క్రింద దాగియుండును. రంగు వేసినవాడు మోసగాడే యని నేననను. కాని రంగును చూచి వెల కట్టువాడు మోసపోవుట నిశ్చయము.

ఆరవది అన్నిటికంటె ముఖ్యమైనది: కోసి చూచుట. 40 మిల్లీమీటర్ల లావుగల కడ్డీని చక్కునుండి 150 మిల్లీమీటర్లు వెలికి నిలిపి, టెయిల్‌స్టాకు ఆసరా లేకుండ సన్నగా కోయించి, రెండు కొసలను మైక్రోమీటరుతో కొలువుడు. రెండు వందవ వంతుల లోపు తేడా యున్నచో మన పనులకు చాలును. తేడా హెచ్చైనను తొందరపడి త్రోసివేయరాదు. నేల సమముగా లేక బెడ్డు మెలిపడినను ఇట్లగును. అది మట్టము సరిచేసిన పోవును. మొదటి పరీక్షలో గోటికి మెట్టు తగిలి, ఇచ్చటను తేడా వచ్చినచో మాత్రము వెనుదిరిగి చూడక రండు. కోసి చూపుటకు ఒప్పుకొనని వర్తకుని యొద్ద కొననే వలదు.

పేరుబిళ్ళను గూర్చి యొక మాట. హరిహరమున 1941లో నెలకొన్న మైసూరు కిర్లోస్కరు లేతులును, బెంగుళూరున 1953లో నెలకొన్న హిందుస్తాన్ మెషిన్ టూల్సు వారి లేతులును పాతవి అమ్మకమునకు వచ్చుచుండును. మంచి వంశమున పుట్టినంత మాత్రమున ఆరోగ్యవంతుడని చెప్పలేము గదా. పేరును గౌరవింపుడు, పరీక్షను మానకుడు.

ఐదవ యంత్రమును చూచినప్పుడు నాకు ఏవము పుట్టెను. నాలుగున్నర అడుగులది, నల్లని నూనె జిడ్డు, రంగు పెచ్చులు. వృద్ధుడైన టర్నరొకడు, కుమారులు వేరు వృత్తులలో స్థిరపడగా, కర్మశాలను మూయుచుండెను. బెడ్డుపై గుడ్డ తీసినప్పుడు అది అద్దమువలె నుండెను. ఇన్నేండ్లు ప్రతి సాయంకాలము తుడిచి నూనె రాచితినని అతడు చెప్పెను. 75,000 రూపాయలకు ఇచ్చి, మూడు దవడల చక్కును, నాలుగు దవడల చక్కును, పెట్టెడు ఉలులను ఉచితముగా చేర్చెను. లారీ కదలునప్పుడు యంత్రమును ఒకమారు నిమిరెను.

ఇంటికి తెచ్చుటకు ముందే కొన్ని చూచుకొనవలయును. ఇట్టి యంత్రము ఎన్నో వందల కిలోల బరువు. గట్టి కాంక్రీటు నేల, చాలినంత వాకిలి కావలెను. దీని మోటారు సాధారణముగా మూడు ఫేజులది. ఇంటి కరెంటు ఒక ఫేజుది. మోటారును మార్చుటయో, విద్యుత్తును మార్చు డ్రైవును పెట్టుటయో, మూడు ఫేజుల కనెక్షను తీసికొనుటయో ముందుగానే లెక్కలో చేర్చుకొనుడు. ఎర్తు తీగ తప్పక యుండవలెను. తిరుగు యంత్రము దగ్గర ఉత్తరీయము, వ్రేలాడు జడ, ఉంగరము, చేతి తొడుగు ఇవన్నియు యమపాశములు. చక్కు తాళమును చక్కులో మరచి మీట నొక్కకుడు. కంటికి అద్దములు మరువకుడు. నేను కర్మశాలలో కాలు పెట్టినప్పుడు నా ఉత్తరీయమును గుమ్మమునొద్దనే విప్పించుట నా కోడలు పెట్టిన నియమము. ఆమె గాజులు గత సంవత్సరము విడిపించితిమి.

మహాశయులారా, నేడు డబ్బు దొరకుట పూర్వమంత కష్టము కాదు. 2023 సెప్టెంబరు 17వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులవారికి మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల వరకు 5 శాతపు వడ్డీకి అప్పు ఏర్పరుపబడినది. మన సంఘమునకును సహాయనిధి కలదు. కాని అప్పు యంత్రమును కొనిపెట్టును గాని కంటిని కొనిపెట్టదు. ఆ కన్ను మన ముసలివారి యొద్ద నున్నది. పని మానుకొని అరుగుమీద కూర్చున్న టర్నర్లు, కమ్మరులు, కంచరులు మన ప్రతి పట్టణములోను కలరు. వారిని అడుగువారు లేరు.

కావున పోషకులకు నా విన్నపము. యంత్రము కొనుటకై సహాయనిధినుండి సొమ్మిచ్చునప్పుడు, మన వృద్ధ శిల్పులలో నిద్దరు కొనువాని వెంటపోయి, నేను చెప్పిన ఆరు పరీక్షలను చేసి, కాగితముపై వ్రాసి సంతకము చేసిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలయును. వారి దారిబత్తెమును నిధియే భరింపవలయును. మొదటి సంవత్సరమునకు ఆ దారిబత్తెమును నా పింఛనునుండి నేనిచ్చెదను. మా తమ్ముడు పోవుటకు సిద్ధముగా నున్నాడు. ఈ సభలో మూడవ వరుసలో కూర్చుండి, నా యుపన్యాసములో తప్పులు వెదకుచున్నాడు.

యువకులకు వేరుగా చెప్పవలసినది ఒక్కటే. ఎవరితోనైన పట్టింపు లుండవచ్చును; యంత్రము కొనునాడు వానిని గడపలోనే విడిచి, తెలిసినవానిని అడుగుడు. నేను అడుగక పోగొట్టుకొన్న సొమ్ము కొంతయే. అడుగక పోగొట్టుకొన్న నాలుగేండ్లను ఏ తరిమెనయు మరల చెక్కి యీయజాలదు.